డబ్ల్యూడీ బ్లూ 1 టీబీ: పాత సిస్టమ్‌లో ఏళ్ల తరబడి వాడాక

మాది నెల్లూరులో చిన్న డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్స్‌తో శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తుంటాం. పాత ఫైళ్లు అక్షరం చెదరకుండా తెరుచుకునేది కోర్ 2 డుయో ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు ఉన్న సిస్టమ్‌లోనే. అందుకే దాన్ని ఇప్పటికీ వదల్లేదు. అందులో 2016 నుంచి డబ్ల్యూడీ (వెస్ట్రన్ డిజిటల్) బ్లూ 1 టీబీ హార్డ్ డిస్క్ నడుస్తోంది. 7200 ఆర్‌పీఎం, 64 ఎంబీ క్యాష్, మోడల్ నంబరు చివర ఈజెడ్ఈఎక్స్ అని ఉండే రకం.

ఈ డిస్క్ ఇంతవరకు నా ఫైలు ఒక్కటి కూడా పోగొట్టలేదు. ‘డిస్క్ పోయింది’ అని గుండె గుభేల్‌మన్న ప్రతిసారీ వెతికితే తప్పు దాని చుట్టుపక్కల వాటిలోనే దొరికింది.

ఒక వేసవిలో పేజ్‌మేకర్‌లో సేవ్ కొడితే చాలు, సిస్టమ్ అర నిమిషం బిగుసుకుపోయేది. తర్వాత ఏమీ జరగనట్టు నడిచేది. మెకానిక్ అబ్బాయి వచ్చి చూసి, “డిస్క్ అయిపోయిందన్నా, కొత్తది ఏసేద్దాం” అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. డిస్క్ తన పరిస్థితి గురించి తనే రాసిపెట్టుకునే లెక్కలు అందులో కనిపిస్తాయి, వాటిని స్మార్ట్ అంటారు. డేటా ఉండే లోపలి పళ్లేల మీద పాడైన చోట్లను లెక్కించే 05, సీ5, సీ6 మూడూ సున్నా. సీ7 ఒక్కటే పొద్దున ఒక అంకె, సాయంత్రానికి ఇంకో అంకె. సీ7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా నడిచేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క. లోపలి పళ్లేలకు ఏమీ కాలేదు, దారిలోనే తేడా ఉందన్నమాట. సాటా కేబుల్ కొత్తది వేసి, బోర్డు మీద పక్క పోర్టుకి మార్చాను. అంకె అక్కడే ఆగిపోయింది, బిగుసుకుపోవడమూ పోయింది. సీ7 మళ్లీ సున్నాకి రాదు, కాబట్టి అది ఎంత ఉందని కాకుండా పెరుగుతోందా లేదా అని చూసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అంకెల్ని హెక్సాలో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో చూపిస్తుంది. అందులో 64 అని ఉంటే నిజానికి వంద. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే ఈ గందరగోళం ఉండదు.

రెండో అనుమానితుడు ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్‌లోని భాగాలకు కరెంటు అందించే పెట్టె. సిస్టమ్ ఆన్ చేయగానే డిస్క్ తిరగడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెడుతుంటే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. పాత ఎస్ఎంపీఎస్‌లో 12 వోల్టుల లైను బలహీనపడ్డా అచ్చం ఇలాగే ఉంటుంది. మాది విప్పి చూస్తే లోపల కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఎస్ఎంపీఎస్ మార్చగానే డిస్క్ మామూలుగా లేచింది. పాత నాలుగు పిన్నుల పవర్ వైరుకి సాటా కన్వర్టర్ తగిలిస్తారు కదా, దాంట్లో ప్లాస్టిక్ పోతపోసి అతికించిన రకం మాత్రం వద్దు. లోపల తీగలు తాకి కాలిపోయే ప్రమాదం ఉంది. నేరుగా సాటా పవర్ వైరు ఉన్న ఎస్ఎంపీఎస్ తీసుకోవడం మేలు.

కరెంటు పోవడం గురించి మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. షట్‌డౌన్ కాకుండా పవర్ పోయినప్పుడల్లా డేటా చదివి రాసే హెడ్లు హడావుడిగా పక్కకు వెళ్లాలి. ఆ లెక్క సీ0 దగ్గర కనిపిస్తుంది. మా యూపీఎస్ బ్యాటరీ నీరసించిన రోజుల్లో ఆ అంకె ఎలా పెరిగిందో చూశాక, బ్యాటరీ మార్చడానికి అది పూర్తిగా చచ్చేదాకా ఆగడం మానేశాను.

ఇక ఎండ. ఈ డిస్క్ 60 డిగ్రీల వరకు పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది. నేను 50 దాటనివ్వను. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో అది తేలిక కాదు. డిస్క్‌ని డీవీడీ డ్రైవ్ కింద నుంచి తీసి, పైనా కిందా ఖాళీ ఉన్న అరలో బిగించి, ముందువైపు 120 ఎంఎం ఫ్యాను పెట్టాను. వేడి కళ్లముందే తగ్గింది. దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోండి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకి షాపు కొన్నాళ్లు మూసి తెరిస్తే, మూల పెట్టిన ఇంకో పాత డిస్క్, సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే బయోస్‌లో కనపడలేదు. ఇది వేరే కంపెనీది. కింద ఉన్న పచ్చ బోర్డుని టార్క్స్ స్క్రూడ్రైవర్‌తో విప్పితే, హెడ్ల వైపు వెళ్లే చిన్న చిన్న కాంటాక్టులు చెమ్మకి నల్లబడి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి బిగిస్తే లేచింది. వెంటనే డేటా కాపీ చేసుకుని దాన్ని పక్కన పెట్టేశాను. ఇలా విప్పడం బోర్డు వరకే. పైమూత మాత్రం ఏ పరిస్థితుల్లోనూ తీయకూడదు.

నిజంగా డిస్క్‌దే తప్పయితే సీ5 చెబుతుంది. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల (డిస్క్ మీద డేటా దాచే చిన్న ముక్కల) లెక్క అది. అక్కడ ఒక్క అంకె కనిపించినా ముందు కాపీ, తర్వాతే మిగతావి. చాలామంది నేరుగా విండోస్‌లో చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ అనే కమాండ్ కొట్టేస్తారు. అది డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్ అయితే బాగున్న భాగాల్ని ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. టక్ టక్ మని ఒకే లయలో చప్పుడు వస్తుంటే మాత్రం అదీ వద్దు. స్విచ్ ఆపేసి డేటా రికవరీ వాళ్లకివ్వడమే.

స్పీడు విషయంలో ఫిర్యాదు లేదు. జీ31 బోర్డులో సాటా 3 జీబీపీఎస్ మాత్రమే ఉన్నా, ఈ డిస్క్ అసలు వేగం అంతకంటే తక్కువే కాబట్టి నష్టమేమీ లేదు. కానీ విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఇందులో సెక్టారు లోపల 4 కేబీ ఉంటుంది. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టారు దగ్గర మొదలుపెడుతుంది, దాంతో లెక్క కుదరక రాయడం నెమ్మదిస్తుంది. విండోస్ 7 డీవీడీతో పార్టిషన్ చేసి, తర్వాత అందులో ఎక్స్‌పీ వేస్తే సరిపోతుంది.

కొనేటప్పుడు ‘బ్లూ’ అన్న పేరొక్కటే చూడకండి. 1 టీబీ బ్లూలోనే ఈజెడ్ఆర్‌జెడ్ అనే రకం 5400 ఆర్‌పీఎం. ఫైళ్లు దాచుకోవడానికి చాలు గానీ, విండోస్ వేస్తే విసుగొస్తుంది. సెకండ్ హ్యాండ్ అయితే డబ్బులిచ్చే ముందే షాపులో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిపించి 05, సీ5, పవర్ ఆన్ అవర్స్ మూడూ చూడండి. తెరవనివ్వకపోతే వేరే షాపుకి వెళ్లండి.