అడవిలో విశ్రాంతి: అనంతగిరి, మారేడుమిల్లి, అండమాన్‌లలో ఏది మేలు?

విశాఖలో ఉన్నవాళ్ళకి సముద్రం రోజూ కనబడేదే. అలసట పెరిగినప్పుడు మనసు అడిగేది అడవిని. చెట్ల మధ్య మంచి కాటేజీ చూసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకెళ్ళి, ఏ హడావుడీ లేకుండా కూర్చోవాలి. అక్కడి మనుషుల ఆటపాటలు, తిండి, సంత కూడా కాస్త చూడాలి. ఇలా అనుకునేవాళ్ళ ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి అరకు దారిలో టైడా, అనంతగిరి. రెండోది మారేడుమిల్లి. మూడోది సముద్రం దాటి అండమాన్.

నా మాట ముందే చెబుతాను. చేతిలో ఉన్నది రెండు మూడు రోజులైతే టైడా, అనంతగిరి వైపే వెళ్ళండి. కారు ఉండి, అందరూ కొంచెం నడవగలిగితే మారేడుమిల్లి. వారం రోజులు సెలవు దొరికి, అసలైన వర్షారణ్యంలో నిలబడాలన్న కోరిక గట్టిగా ఉంటే అండమాన్. లంబసింగి పేరు కూడా చాలామంది ఎత్తుతారు. అక్కడికి వెళ్ళేది చలి కోసం, తెల్లవారుజామున కమ్ముకునే మంచు కోసం. అడవిలో ఉండటం కోసమైతే ఈ మూడింటి తర్వాతే దాన్ని లెక్కపెడతాను.

అసలు వాన అడవి ఎక్కడుంది?

రిసార్టుల ప్రకటనల్లో రెయిన్‌ఫారెస్ట్ అన్న మాట ఈమధ్య బాగా వాడుతున్నారు. మన ఏజెన్సీ అడవి ఆ రకం కాదని తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. తూర్పు కనుమల్లో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. వాగుల వెంట, లోతైన లోయల్లో మాత్రం ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు గుబురుగా పెరుగుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి చాలా కొండలు బోసిగా కనిపిస్తాయి. ఫొటోల్లో చూసిన పచ్చదనం కావాలంటే జూలై తర్వాతే వెళ్ళాలి.

అండమాన్ సంగతి వేరు. అక్కడ ఏటా 3000 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది, అంటే విశాఖలో పడేదానికి దాదాపు మూడు రెట్లు. దీవుల్లో 80 శాతానికి పైగా అడవే. గర్జన్ లాంటి చెట్లు 40 మీటర్ల ఎత్తు దాకా లేస్తాయి. వాటి కింద ఇంకో వరస చెట్లు, ఆ కింద పొదలు, తీగలు. మిట్టమధ్యాహ్నం కూడా నేల మీదికి వెలుగు సరిగ్గా దిగదు. ఈ ఒక్క విషయంలో అరకు గానీ మారేడుమిల్లి గానీ దానికి సాటిరావు.

అయితే విశ్రాంతి కోసం బయల్దేరిన మనిషికి చెట్టు ఎత్తు ఒక్కటే లెక్క కాదు. అక్కడికి చేరడానికి ఎంత అలసిపోతాం, చేరాక ఎంతసేపు కదలకుండా కూర్చోగలం అన్నవి కూడా చూసుకోవాలి.

టైడా, అనంతగిరి

విశాఖ నుంచి టైడా సుమారు 75 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దగ్గర మైదానం అయిపోయి ఘాట్ మొదలవుతుంది. ఉదయం టిఫిన్ తిని బయల్దేరితే భోజనం వేళకి ముందే చెట్ల కింద ఉంటారు. పర్యాటక సంస్థ వారి జంగిల్ బెల్స్ కాటేజీలు ఉన్నది ఇక్కడే. ఇంకా పైకి వెళ్తే అనంతగిరి, అక్కడ హరిత రిసార్టు, చుట్టూ కాఫీ తోటలు.

రైలు కూడా ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ పైకెక్కి, శిమిలిగూడ స్టేషన్ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ వచ్చాక దీనికి గిరాకీ బాగా పెరిగింది. టికెట్ ముందే తీసుకోవాలి. పెద్దవాళ్ళకి ఘాట్ మలుపుల్లో కళ్ళు తిరిగే ఇబ్బంది ఉంటే రైలే మంచిది.

మనవాళ్ళు చాలామంది యాత్రని చెడగొట్టుకునేది అక్కడికి చేరాకే. ఒకే రోజులో బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ వ్యూపాయింట్, పద్మాపురం గార్డెన్, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ చుట్టి రావాలనుకుంటారు. రాత్రికి కాళ్ళు లాగుతుంటాయి, అడవి చూసిన గుర్తే ఉండదు. రెండు రాత్రులు ఒకేచోట ఉండండి. బొర్రా చూడాలనుకుంటే దానికి ఒక పూట ఇచ్చి, మిగతా సమయమంతా కాఫీ తోటల్లో నడవండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి ఎర్రబడ్డ పళ్ళు కోస్తుంటారు. ఎండాకాలం మొదట్లో ఒక్క జల్లు పడితే చాలు, తోటంతా తెల్లగా పూసి మల్లెల వాసన వేస్తుంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక ఉన్న చేతులు చాలావరకు గిరిజన రైతులవే. తోటలో పనిచేసుకుంటున్నవాళ్ళని పలకరించి, వాళ్ళకి తీరికుంటే పది నిమిషాలు మాట్లాడితే రిసార్టులో ఎవరూ చెప్పని విషయాలు తెలుస్తాయి.

ధింసా, సంత, పండగ

సంస్కృతి అనగానే అందరికీ గుర్తొచ్చేది ధింసా. ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని, తుడుము, డప్పు, మోరి మోతకి అడుగులేస్తారు. రిసార్టుల్లో సాయంత్రం మంట వేసి, డబ్బు తీసుకుని ఆడిస్తారు. దాన్ని చూడొద్దని నేననను. ఆడే వాళ్ళకి అది రాబడి. కానీ మైకులో సినిమా పాట పెట్టి, వాళ్ళ మధ్యలోకి దూరి సెల్ఫీలు తీసుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ధింసాలో ఒక రకమైన బోడ ధింసా ఊరి దేవతని కొలుస్తూ ఆడేది. పెద్దల మధ్య, పండగలో, పెళ్ళిలో పుట్టిన ఆట అది. కూర్చుని చూడండి, రమ్మని పిలిస్తే కలవండి. ఆట అయ్యాక డబ్బు వాళ్ళ చేతికే అందేలా చూడండి.

నా వరకు ధింసా కంటే వారపు సంత గొప్పది. అది మనకోసం పెట్టింది కాదు, వాళ్ళ అవసరానికి వాళ్ళు నడుపుకునేది. ఏ ఊరి సంత ఏ రోజో కాటేజీలో పనిచేసే స్థానికుల్ని అడిగితే చెబుతారు. కొండల మీది ఊళ్ళ నుంచి తెల్లారకముందే నడిచొచ్చి పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా, చింతపండు, అల్లం పోసుకుని కూర్చుంటారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి వినిపిస్తాయి. తట్టలో పోసిన నాలుగు దోసిళ్ళ పసుపు కోసం ఎంతో దూరం నడిచొచ్చిన అవ్వ దగ్గర బేరమాడకండి. ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే మానేయండి.

చైత్రమాసంలో వెళ్తే ఇటుకల పండగ ఎదురవుతుంది. ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి పాటలు పాడుతూ వచ్చేపోయే బండ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. నవ్వుతూ ఇచ్చి ముందుకెళ్ళాలి. అడవి పచ్చగా లేకపోయినా ఆ రోజుల్లో మనుషుల సందడి చూడదగ్గది.

మారేడుమిల్లి

ఇది విశాఖ నుంచి దగ్గర కాదు. నర్సీపట్నం, అడ్డతీగల, రంపచోడవరం మీదుగా వెళ్ళినా, రాజమండ్రి మీదుగా వెళ్ళినా ఐదారు గంటల ప్రయాణం. వెళ్ళేసరికి ఒక పూట గడిచిపోతుంది. కానీ చేరాక దొరికే అడవి అరకు వైపుకంటే చిక్కనిది, జనం తక్కువ. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్ళే ఘాట్‌లో అడవి రోడ్డు మీదికే వంగి ఉంటుంది. అమృతధార, జలతరంగిణి లాంటి జలపాతాలకి కాస్త నడిచి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది కష్టం.

నాకు ఇక్కడ బాగా నచ్చేది నడిపే పద్ధతి. వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు అటవీ శాఖ తోడ్పాటుతో స్థానిక గిరిజనులు చూసుకునే ఏర్పాటు. అంటే మీరిచ్చే రూము డబ్బులో కొంత ఆ అడవిని కాపాడుకునే మనుషులకే చేరుతుంది. కొండరెడ్లు అనే గిరిజనులు ఉండే ప్రాంతం ఇది. 1922–24 నాటి రంప తిరుగుబాటు పుట్టిన నేల. పిల్లలు అల్లూరి సీతారామరాజు గురించి పుస్తకంలో చదివే ఉంటారు. ఆ కొండల మధ్య నిలబెట్టి చెబితే ఆ పాఠం వాళ్ళకి ఇంకోలా అర్థమవుతుంది.

బొంగులో చికెన్ అరకులోనూ దొరుకుతుంది, ఇక్కడా దొరుకుతుంది. నూనె వెయ్యకుండా, మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. ఎక్కడ తిన్నా అప్పటికప్పుడు కాల్చిందే అడగండి.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. ఆఫీసు పని మోసుకెళ్ళేవాళ్ళకి టెన్షన్, మిగిలినవాళ్ళకి వరం. అయితే పెద్దవాళ్ళకి ఆరోగ్యం బాగోకపోతే పెద్దాసుపత్రి దూరమన్న సంగతి ముందే ఆలోచించుకోవాలి. విశాఖ ఏజెన్సీలో గానీ రంప ఏజెన్సీలో గానీ మలేరియా ఉంది కాబట్టి దోమతెర, దోమల మందు వెంట ఉండాల్సిందే.

అండమాన్

విశాఖ రేవు నుంచి అండమాన్‌కి అప్పుడప్పుడు ఓడ వెళ్తుంది. రెండు రోజులకి పైనే పడుతుంది. తీరిక ఉన్నవాళ్ళకి తప్ప అది కుదరదు. విమానంలో అయితే చెన్నై మీదుగానైనా ఒక రోజులో చేరొచ్చు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, హావ్‌లాక్‌ని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. రాధానగర్ బీచ్ వెనక ఉన్న మహావృక్షాల కింద నిలబడితే అడవి, సముద్రం ఒకేసారి దొరుకుతాయి. అంత అందం మన తీరంలో నేను చూడలేదు.

స్థానిక సంస్కృతి విషయంలో మాత్రం ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. బారాటాంగ్ దీవికి వెళ్ళే రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. 1956 నాటి రక్షణ చట్టం ప్రకారం అది రక్షిత ప్రాంతం. బండ్లని గుంపుగా, నిర్ణీత వేళల్లో పంపిస్తారు. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. కొందరు ఆ ప్రయాణాన్నే ఆదివాసుల్ని చూసే టూరుగా అమ్ముతున్నారు. అలా చెప్పే ఏజెంటు దగ్గర బుక్ చేయొద్దు. వాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యడమే మనం ఇవ్వగలిగే గౌరవం. బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడకపోతే పోయేదేమీ లేదు, బొర్రా మనకి దగ్గర్లోనే ఉంది.

చూడాల్సిన సంస్కృతి అక్కడ వేరే ఉంది. బెంగాలీలు, తమిళులు, రాంచీ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు, మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి చేపల వేట మీద బతుకుతున్నవాళ్ళు కలిసి ఉంటున్న ఊళ్ళవి. శ్రీకాకుళం యాసలో పలకరింపు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ కుటుంబాలు ఎలా వెళ్ళాయో, ఎలా నిలదొక్కుకున్నాయో అడిగి వినండి.

ఖర్చు మూడింటిలోనూ దీనికే ఎక్కువ. మే నుంచి వానలు మొదలైతే సముద్రం అల్లకల్లోలంగా ఉండి దీవుల మధ్య పడవలు ఆగిపోతుంటాయి. కాబట్టి డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకోవాలి. మన కొండలకి మంచి రోజులు ముగిసే వేళకి అండమాన్‌కి మొదలవుతాయన్నమాట. అందుకే ఈ రెండింటినీ పోటీ పెట్టాల్సిన పని లేదు. సెప్టెంబరులో అనంతగిరి, ఫిబ్రవరిలో అండమాన్ అని ఏడాదిలో రెండూ పెట్టుకోగలిగిన కుటుంబాలూ ఉంటాయి.

ఎవరికి ఏది?

నడవలేని పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే అనంతగిరి తప్ప ఇంకోటి చెప్పను. కాలేజీ పిల్లలకి, స్నేహితుల బృందానికి మారేడుమిల్లి బాగుంటుంది. జలపాతాల కింద రాళ్ళు నాచు పట్టి జారుతాయి, పైన వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. లోపలికి దిగొద్దని స్థానికులు చెబితే వినాలి. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి, పదవీ విరమణ చేసి తీరిక దొరికినవాళ్ళకి అండమాన్.

శని, ఆదివారాలు, డిసెంబరు చివరి వారం అరకు దారిలో బండ్ల బారులు తీరుతాయి. మంగళ, బుధవారాలు చూసుకుంటే అదే కాటేజీ, అదే అడవి, సగం జనం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు ఉంటే వాయిదా వెయ్యండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ కొండల మీద చెట్లని ఎలా పడగొట్టిందో విశాఖవాళ్ళకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

బుక్ చేసే ముందు రిసార్టుకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: రాత్రి డీజే పెడతారా, పనిచేసేవాళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎందరు, దగ్గర్లో సంత ఏ రోజు. మొదటిదానికి పెడతామని జవాబొస్తే ఇంకోచోటికి ఫోన్ చెయ్యండి.