తిరుపతిలో జ్ఞాపకశక్తి క్లాసు: నడకకు మార్కులు ఎక్కువ, బంతికి తక్కువ

ఎయిర్ బైపాస్ రోడ్డు వెనక వీధుల్లో, ఒక మూడంతస్తుల ఇంటి మిద్దె మీద పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా జరిగే క్లాసు గురించి ఇది. పేరు రాయడం లేదు. నచ్చనివి కూడా చెప్పబోతున్నాను, మాస్టరేమో మంచి మనిషి. బోర్డు మీద మెదడు బొమ్మ ఉంటుంది, దానికి కాళ్లు, కాళ్లకు బూట్లు. కింద ‘సులువైన వ్యాయామాలు, రెట్టింపు జ్ఞాపకశక్తి’ అని రాశారు. నెలకు 1,200 రూపాయలు, చేరేటప్పుడు బంతికీ చాపకూ కలిపి ఇంకో 300. యాభై దాటినవాళ్లకని చెప్పారు గానీ, నీట్‌కు చదివే పిల్లల్ని కూడా అమ్మలు నిద్రమొహాలతోనే లాక్కొస్తున్నారు.

నేను బైరాగిపట్టెడలో జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఆది జాకెట్లు కుప్పలుగా వచ్చి పడతాయి. ఒకామె మెడ అరంగుళం దించమంటుంది, చేతులు మాత్రం ఇంతే ఉండాలంటుంది. ఇంకొకామె వెనక తాళ్లు వద్దంటుంది, హుక్కులు ముందుకు పెట్టమంటుంది. ఇదివరకు ఆది జాకెట్టు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆమె చెప్పినదంతా గుర్తొచ్చేది. ఇప్పుడు గుడ్డకు చీటీ గుచ్చితే తప్ప కత్తెర వేయడానికి ధైర్యం చాలడం లేదు. అందుకే చేరాను. మా ఆయన మొదటి రోజే అన్నాడు, “కాణిపాకంలో సామి ముందర ఊరికే తీసే గుంజీళ్లకు నువ్వు దుడ్లు కట్టొచ్చినావా?” అని. “గమ్మునుండు, చేసి చూసి చెప్తా” అన్నాను. ఇప్పుడు అందరికీ కలిపి చెప్తున్నాను.

గంటలో వరస ఇలా ఉంటుంది. ముందు మెడ, భుజాలు తిప్పడం. తర్వాత బంతి పిసకడం, కళ్లు అటూ ఇటూ తిప్పడం, గుంజీళ్లు, వెనక్కి నడవడం, కుర్చీలో కూర్చుని లేవడం. ఆఖరి పది నిమిషాలు మిద్దె చుట్టూ నడక. ఈ వరసే తలకిందులుగా ఉందనేది నా ఫిర్యాదు. ఎందుకో చెప్తాను.

చేరగానే ఒక కాగితం ఇస్తారు. ఏ వ్యాయామం వెనక ఏ దేశం పరిశోధన ఉందో అందులో ఉంటుంది. మా చెల్లెలి కూతురు ఫిజియోథెరపీ చదువుతోంది. దాని చేతికిస్తే రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ వెతికి చదివి, “పెద్దమ్మా, ఇందులో అబద్ధం ఏమీ లేదు, కానీ సగమే రాసినారు” అంది. మిగతా సగం అదే నాకు చెప్పింది.

బంతి సంగతి ముందు. ఎర్ర రబ్బరు బంతి, గుప్పిట్లో పడుతుంది. కొత్తలో దాని రంగు చేతికి అంటుతుంది, కాబట్టి లేత రంగు పట్టు కుట్టే రోజు చేతులు సబ్బుతో కడుక్కోకుండా మిషన్ ముందు కూర్చోకండి. ఏదైనా గుర్తుపెట్టుకునే ముందు కుడి పిడికిలి 90 సెకన్లు, దాన్ని గుర్తు తెచ్చుకునే ముందు ఎడమ పిడికిలి 90 సెకన్లు బిగించాలంటారు. ఒక చెయ్యి బిగిస్తే మెదడులో దానికి ఎదురు వైపు సగం చురుకవుతుందనేది దీని వెనక ఊహ. 2013లో అమెరికాలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పదాల జాబితాతో ఇది చేసి చూసిన మాట నిజమే. కాకపోతే ఉన్నది యాభై మందికి అటూ ఇటూగా, అందరూ కుడిచేతి వాటం వాళ్లే, వాళ్లనే అయిదు గుంపులు చేశారు. కుడి తర్వాత ఎడమ బిగించిన గుంపు, ముందే ఎడమ బిగించిన వాళ్లకంటే బాగా చెప్పింది. అసలు బంతే పట్టని వాళ్లకంటే కూడా కొంచెం ఎక్కువే చెప్పింది గానీ, ఆ తేడాను నమ్మకంగా లెక్కలోకి తీసుకోలేమని రాసింది వాళ్లే. మాస్టరు కాగితంలో ఈ చివరి మాట లేదు. మా క్లాసులో ఎడమచేతి వాటం ఆయన ఒకాయన ఉన్నాడు. “నేను ఏ చెయ్యి సామీ?” అని అడిగితే మాస్టరు నవ్వి ఊరుకున్నాడు.

షాపులో ఇది కుదిరే పనీ కాదు. కస్టమరు కొలతలు చెప్పబోతుంటే “ఒక్క నిమిషమున్నర ఉండమ్మా” అని నేను బంతి పిసుకుతూ కూర్చుంటే ఆమె పక్క షాపుకు పోతుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. రోజంతా కత్తెర పట్టే చేతికి బంతి హాయిగానే ఉంటుంది. వేళ్లు పట్టేయడం తగ్గింది. ఆ మాత్రానికి ఆ బంతి ఉండనీ.

కళ్లు తిప్పడం ఇంకా చిన్న విషయం. తల కదపకుండా 30 సెకన్లు కుడికీ ఎడమకూ చూడాలి. దీనివల్ల పదాలు బాగా గుర్తొస్తున్నాయని 2007 ప్రాంతంలో కొందరు రాశారు. 2015లో నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి ముందే నియమాలు రాసుకుని మళ్లీ చేస్తే ఏమీ కనబడలేదు. ముప్పై సెకన్లే కదా, దీని మీద తగువెందుకు.

వెనక్కి నడవడం మీద మాత్రం నాకు నిజంగానే కోపం ఉంది. లండన్‌లోని రోహాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు వెనక్కి కదిలిన వాళ్లకు అంతకుముందు చూసింది మెరుగ్గా గుర్తొచ్చిందని రాశారు. సరే. కానీ మా మిద్దె మీద ట్యాంకు నిండి పొర్లి, ఒక మూల ఎప్పుడూ పాచి. పిట్టగోడ మోకాలి ఎత్తు. అరవై దాటిన ఆడవాళ్లను అక్కడ వెనక్కి నడిపిస్తే జ్ఞాపకం సంగతి దేవుడెరుగు, తుంటి ఎముక సంగతేమిటి? పైగా అదే పరిశోధనలో, వెనక్కి వెళ్తున్నట్టు ఊహించుకున్నవాళ్లకూ, వెనక్కి పోతున్నట్టున్న వీడియో చూసినవాళ్లకూ కూడా మేలు కనబడిందట. అలాంటప్పుడు చాప మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటే పోయేది కదా. ఈ మాట మాస్టరుతో అన్నాను. మరుసటి వారం నుంచి గోడ పట్టుకుని నడిపిస్తున్నాడు, అంతవరకు నయం. పాచి మాత్రం అలాగే ఉంది.

ఇక గుంజీళ్లు. కాగితంలో దీనికి ‘సూపర్ బ్రెయిన్ యోగా’ అని పెద్ద పేరు పెట్టారు. చెవులు పట్టుకుని తీయడమే. చెవి పట్టుకుంటే మెదడులో స్విచ్చి పడుతుందన్న మాట నేను నమ్మను. అయినా ఈ మాస్టరుకు ఫీజు కట్టాలనిపించేది సరిగ్గా ఇక్కడే. ఆయన స్కూల్లో పీటీ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మనం చేసే గుంజీళ్లలో తప్పులు ఆయన కంటికి ఇట్టే దొరుకుతాయి. నా ఎడమ మోకాలు లోపలికి ఒరుగుతోందని మొదటి వారమే పట్టేశాడు. రెండు పాదాల మధ్య అడ్డంగా ఒక కర్ర పెట్టి, “మోకాలు చిటికెనవేలు వైపు చూడాల, తల్లీ” అని నిలబడి చూశాడు. కిందికి పోలేనివాళ్లకు వెనక ప్లాస్టిక్ కుర్చీ పెడతాడు, దాన్ని పిర్ర తాకగానే లేవాలి. మిషన్ తొక్కీ తొక్కీ, కూర్చునీ కూర్చునీ నా తొడల్లో బలం పోయింది. ఇప్పుడు కింద పరిచిన గుడ్డ మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను. జ్ఞాపకశక్తి క్లాసులో మోకాళ్లు బాగుపడ్డాయని చెప్తే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

కుర్చీలో కూర్చుని లేవడం దీనికి తోబుట్టువే. ఇక్కడ కాగితంలో ఒక మంచి విషయం ఉంది గానీ దాన్ని వాడుకోవడం లేదు. 2014లో జార్జియా టెక్ వాళ్లు కుర్రవాళ్లకు 90 ఫొటోలు చూపించి, ఆ తర్వాత కొందరితో కాళ్ల కండరాలకు గట్టిగా పని చెప్పించారు, కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. మొత్తం ఇరవై నిమిషాల పని. రెండు రోజుల తర్వాత అడిగితే ఊరికే కూర్చున్నవాళ్లు సగం దాకా గుర్తుపట్టారు, కష్టపడినవాళ్లు నూటికి అరవై దాకా. గమనించాల్సింది ఏమిటంటే, ముందు చూడటం, తర్వాత వ్యాయామం. మా క్లాసులోనేమో పిల్లలు ముందు వ్యాయామం చేసి తర్వాత ఇంటికిపోయి చదువుకుంటున్నారు. పొద్దునే ఒక పాఠం చదివి వచ్చి కుర్చీ వ్యాయామం చేస్తే ఆ పరిశోధనకు దగ్గరగా ఉంటుంది కదా అని ఒక పిల్లాడి వాళ్లమ్మతో అంటే, “అయిదింటికి లేపేదానికే నాకు ప్రాణం పోతాంది అక్కా” అంది. ఆమె బాధ ఆమెది.

నడకకు వస్తాను. ఆఖర్న పది నిమిషాలు పడేసిన ఈ నడకకే అన్నిటికంటే గట్టి ఆధారం ఉంది. 2011లో అచ్చయిన పరిశోధన అది. అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందిని తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు నడిపించారు, సగం మందితో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఏడాది పాటు. నడకను పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ నలభైకి తెచ్చి అక్కడ నిలిపారు. కొత్త విషయాలు గుర్తుండటానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ముఖ్యం, వయసుతో పాటు అది తగ్గుతూ వస్తుంది. నడిచినవాళ్లలో అది 2 శాతం దాకా పెరిగింది. సాగదీసే వాళ్లలో 1.4 శాతం తగ్గింది. పెరుగుదల ఎక్కువ ఉన్నవాళ్ల రక్తంలో బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను కూడా ఎక్కువగా కనబడింది. మెదడు కణాలకు ఎరువు లాంటిది అది, అని మా పిల్ల చెప్పింది.

ఏడాదికి రెండు శాతం. బోర్డు మీద రెట్టింపు. ఈ రెండిటికీ మధ్య దూరం చూసుకోండి. ఇంకో మాట కూడా ఉంది. జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే నడిచినవాళ్లూ మెరుగయ్యారు, సాగదీసినవాళ్లూ దాదాపు అంతే మెరుగయ్యారు. ఒకే పరీక్ష మళ్లీ రాస్తే ఎవరికైనా కొంత అలవాటు పడుతుంది.

మా క్లాసులో నెలాఖరున పెట్టే పరీక్ష గుట్టు కూడా ఇదే. చేరిన రోజు మాస్టరు ఇరవై వస్తువుల పేర్లు చదువుతాడు: ఉప్పు, గొడుగు, తాళం, చింతపండు, రైలు, ఇలా. గుర్తున్నవి రాయాలి. నెల తర్వాత మళ్లీ అదే ఇరవై, అదే వరసలో. ‘ఉప్పు’ అనగానే వెనక బెంచీలో ఒకావిడ ‘గొడుగు’ అని ఆయనకంటే ముందే అనేసింది! అందరికీ మార్కులు పెరిగాయి, అందరికీ సర్టిఫికెట్లు. వేరే ఇరవై పేర్లు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఇంత శ్రద్ధగా మోకాళ్లు చూసే మనిషి ఇక్కడ ఎందుకిలా చేస్తాడో నాకు అర్థం కాదు.

సర్టిఫికెట్‌తో పాటు పొడి డబ్బా కూడా అంటగడతారు, 450 రూపాయలు. కొనకపోతే ఏమీ అనరు గానీ రెండు మూడు సార్లు అడుగుతారు. లేబుల్ మీద ఏమేం కలిపారో పూర్తిగా లేదు. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకునేవాళ్లు అలాంటిది డాక్టర్ని అడగకుండా నోట్లో వేసుకోవద్దు. చేర్చుకునేటప్పుడు కూడా బీపీ ఉందా, గుండెకు ఏమైనా ఉందా అని ఒక్క ప్రశ్న అడగలేదు. అడగాలి. థైరాయిడ్ తేడా వల్లా, బీ12 తక్కువవడం వల్లా కూడా మతిమరుపు వస్తుంది, అది రక్తపరీక్షలో తేలుతుంది. దానికి బంతి పిసికితే లాభం లేదు. తెలిసిన వీధిలో దారి తప్పడం, ఉన్నట్టుండి మాట తడబడటం లాంటివైతే ఏ క్లాసుకూ పోవద్దు, ఆస్పత్రికి పోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలమంటుంది. మిద్దె మీద పది నిమిషాల చొప్పున ఆరు రోజులు తిరిగితే గంట. అది కూడా గుండ్రంగా, ముందున్న మనిషి మడమలు చూసుకుంటూ. అందుకే మేం నలుగురం ఆడవాళ్లం క్లాసు లేని వేళల్లో కపిలతీర్థం ముందు నుంచి అలిపిరి వైపు నడవడం మొదలుపెట్టాం. 3,550 మెట్లెక్కి కొండకు పోనక్కర్లేదు, అలిపిరి దాకా పోయి వెనక్కి వస్తే చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. మాలో ఒకావిడ ఆ వేగంలోనూ గోవింద నామాలు చెప్తుంది, ఆమె ఊపిరే వేరు.

జ్ఞాపకం పెరిగిందా అంటే, చీటీలు ఇంకా గుచ్చుతూనే ఉన్నాను. రాత్రి నిద్ర బాగా పడుతోంది, మధ్యాహ్నం మూడింటికి తల బరువెక్కడం తగ్గింది, కస్టమరు మాట్లాడుతుంటే మనసు పెట్టి వినగలుగుతున్నాను. వినింది కొంత నిలుస్తోంది. ఇందులో నడకకు ఎంత, నిద్రకు ఎంత అని విడదీసి చెప్పలేను.

నడక ముందు పెట్టి, రోడ్డు మీదికి తీసుకుపొమ్మని మాస్టర్ని అడిగాను. “రోడ్డు మీద నడిచేదానికి నాకు ఫీజు ఎవరు కడతారమ్మా?” అన్నాడు. నిజాయితీగా చెప్పాడు, కాదనలేను. మరి వారానికి రెండు రోజులు గుంజీళ్లకూ కుర్చీకీ మాత్రం వస్తానంటే 500కు ఒప్పుకున్నాడు. బోర్డు మీద ఈ రేటు ఉండదు, అడిగితేనే ఇస్తాడు.

మోకాళ్లు సరిచేయించుకోవాలనుకునేవాళ్లు రెండు నెలలు చేరండి, దానికి నాలుగు స్టార్లు ఇస్తాను. రెట్టింపు జ్ఞాపకశక్తి కోసమైతే ఒకటి. పిల్లల్ని ఈ గంట నిద్రపోనివ్వండి. మిద్దెకు లిఫ్టు లేదు, మెట్లకు ఒక వైపే పట్టుకునే కమ్మీ ఉంది. వానాకాలంలో ట్యాంకు మూలకు పోవద్దు. బంతి అక్కడ కొనకండి, గాంధీ రోడ్డులో అంతకంటే చవగ్గా, రంగు అంటనిది దొరుకుతుంది.