ఆర్టీఏలో పని ఆగింది: ఫిర్యాదా, సమాచార హక్కా, ఫైలు తనిఖీయా, ఏది మేలు?

ఆర్సీ ట్రాన్స్‌ఫర్‌కి ఫీజు కట్టారు. స్లాట్ రోజున కాగితాలు ఇచ్చారు. నెల దాటినా స్టేటస్ మాత్రం కదలదు. కౌంటర్‌లో అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటారు. ఆ రెండు ముక్కలు విని చాలామంది నేరుగా ఏజెంటు దగ్గరికే పోతారు. అలా పోనివాళ్లలో కొందరు కోపం మీద సమాచార హక్కు దరఖాస్తు రాస్తారు, మిగతావాళ్లు పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఎదురుచూస్తారు. ఆలస్యం ఎందుకైందో కాగితం కావలసినవాడు ఫిర్యాదు పెడతాడు. పని కావలసినవాడు సమాచారం అడుగుతాడు. ఇద్దరికీ నెల వృథా.

ఫిర్యాదు పని చేయమని అడుగుతుంది, సమాచార హక్కు కాగితం చూపమని అడుగుతుంది. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

అసలు చట్టమే గడువు పెట్టిందేమో

ఏదైనా రాసే ముందు ఒకటి చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 కొన్ని సేవలకు తానే గడువు పెట్టింది. వేరే రాష్ట్రానికి బండి తీసుకెళ్లడానికి కావాల్సిన నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ)నే తీసుకోండి. సెక్షన్ 48 ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో కారణాలు రాసి తెలపాలి. రెండూ చేయకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క. అయితే అవతలి రాష్ట్రం ఆఫీసు ఈ ‘ఇచ్చినట్టే లెక్క’ను చూసి రిజిస్ట్రేషన్ చేస్తుందని ఆశపడకండి. వాళ్లకు కంప్యూటర్‌లో ఎన్‌వోసీ కనిపించాలి. ఈ సెక్షన్ మీ ఫిర్యాదుకు బలం ఇవ్వడానికి పనికొస్తుంది. ‘దయచేసి త్వరగా’ అని రాసిన ఫిర్యాదుకీ, ‘ఫలానా తేదీకి 30 రోజులు పూర్తయ్యాయి, సెక్షన్ 48 కింద తిరస్కరణ ఉత్తర్వు ఏదీ అందలేదు’ అని రాసిన ఫిర్యాదుకీ కింది ఉద్యోగి స్పందన ఒకేలా ఉండదు.

తిరస్కరణ లిఖితపూర్వకంగా వచ్చేస్తే దారి మారుతుంది. ఎన్‌వోసీ, యాజమాన్య బదిలీ, రిజిస్ట్రేషన్ వంటి ఉత్తర్వులపై సెక్షన్ 57 కింద అప్పీలు ఉంది. ఉత్తర్వు అందిన రోజు నుంచి 30 రోజులే గడువు. సమాచార హక్కు జవాబు వచ్చాక అప్పీలు చేద్దామని కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. అప్పీలు వేసేయండి, కాగితాలు వచ్చాక జత చేయండి.

ఫిర్యాదు: వేగం ఎక్కువ, పట్టు తక్కువ

ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100 కాల్‌సెంటర్ ఉన్నాయి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల ప్రజావాణి ఉన్నాయి. కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ వేయొచ్చు. అక్కడ పరిష్కార గడువును 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గించారు. కానీ ఆర్టీఏ రాష్ట్ర శాఖ కాబట్టి సీపీగ్రామ్స్ దాన్ని రాష్ట్రానికి పంపిస్తుంది, అక్కడి నుంచి అది జిల్లాకు దిగాలి. ఒక మెట్టు ఎక్కువ. ఆర్సీ, లైసెన్స్ పనికి రాష్ట్ర వేదికే దగ్గరి దారి.

ఇరుక్కున్న పని డేటా తప్పు వల్లో, సాఫ్ట్‌వేర్ మార్పిడి వల్లో ఆగితే ఫిర్యాదుదే పైచేయి. పాత సిస్టమ్ నుంచి వాహన్ (బండ్ల రికార్డులు), సారథి (లైసెన్సులు) అనే కేంద్ర సాఫ్ట్‌వేర్‌లలోకి రికార్డు సరిగా ఎక్కకపోవడం, ఛాసిస్ నంబరులో ఒక అక్షరం తేడా రావడం, లోను తీరినా ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) పోకపోవడం ఇలాంటివే. వీటికి సమాచార హక్కు వేస్తే ‘రికార్డులో ఇలా ఉంది’ అని జవాబు వస్తుంది. తప్పును దిద్దమని ఆ చట్టం చెప్పదు.

ఫిర్యాదులో మూడు సంగతులు తప్పకుండా ఉండాలి: దరఖాస్తు నంబరు, ఫీజు చెల్లించిన తేదీ, చివరిగా స్టేటస్ మారిన తేదీ. స్క్రీన్‌షాట్ జత చేయండి. నాలుగు పేజీల గోడు రాస్తే అసలు నంబరు మూడో పేజీలో మునిగిపోతుంది. డేటా ఎంట్రీ చేసేవాడు మొదటి రెండు వాక్యాలే ఎక్కిస్తాడు.

దీని బలహీనత అందరికీ తెలిసిందే. పని కాకుండానే ‘సమస్య పరిష్కరించబడినది’ అని మూసేస్తారు. కొన్నిసార్లు ఎవరి మీద ఫిర్యాదు చేశారో వాళ్ల టేబుల్‌కే జవాబు రాయమని పంపుతారు. ఆలస్యానికి జరిమానా లేదు. ఆ మూసివేత సందేశాన్ని మాత్రం చెరపకండి, తర్వాత అదే పనికొస్తుంది.

సమాచార హక్కు: నెమ్మది, కానీ సంతకం ఉంటుంది

2005 చట్టం ప్రకారం పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. లైసెన్స్ రాక ఉద్యోగం పోతోందని 48 గంటల జవాబు అడిగేవాళ్లున్నారు. అది చెల్లదు, దరఖాస్తు మీద నమ్మకం కూడా తగ్గుతుంది.

చాలామంది మొదటి అడుగులోనే తప్పటడుగు వేస్తారు. రవాణా శాఖ సంగతిని కేంద్రం ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో వేస్తారు. అది కేంద్ర ప్రభుత్వ శాఖలకే. రాష్ట్ర దరఖాస్తు అక్కడ వేస్తే వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు తిరిగి రావు. జిల్లా ఆర్టీఏలో బోర్డు మీద పౌర సమాచార అధికారి, మొదటి అప్పీలు అధికారి పేర్లు, హోదాలు రాసి ఉండాలి. ముందు అది ఫొటో తీసుకోండి. పేరు కాకుండా హోదాతో రాయండి, ఎందుకంటే అధికారి బదిలీ అయినా హోదా అక్కడే ఉంటుంది. సమాచారం మరో శాఖ దగ్గర ఉంటే సెక్షన్ 6(3) కింద వాళ్లే ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. ‘మా దగ్గర లేదు, అక్కడ వేసుకోండి’ అనడం కుదరదు.

జిల్లా, రాష్ట్ర స్థాయి ఆఫీసులో ఫీజు రూ.10. రూ.10 కోర్టు ఫీజు స్టాంపు అంటించడం అన్నిటికన్నా తేలిక. పోస్టల్ ఆర్డర్ తీసుకుంటే ఎవరి పేరు రాయాలన్న పేచీ వస్తుంది, పేరు తప్పని తిప్పి పంపుతారు. తెల్లకార్డువాళ్లు కార్డు నకలు జత చేస్తే ఫీజు లేదు. ఏ4 పేజీకి రూ.2 చొప్పున తర్వాత అడుగుతారు. 30 రోజులు దాటాక ఇస్తే సెక్షన్ 7(6) ప్రకారం పేజీల డబ్బు కూడా అడగకూడదు. తెలుగులో రాయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. స్పీడ్ పోస్టులో పంపండి. చేతికిస్తే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తేదీ లేని ముద్రతో అప్పీలులో ఏమీ రుజువు చేయలేరు.

అసలు విద్య ప్రశ్న రాయడంలో ఉంది. ‘నా ఆర్సీ ఎందుకు ఆలస్యమైంది?’ అన్నది ప్రశ్న కాదు, వాదన. రికార్డులో లేని వివరణ, అభిప్రాయం అధికారి తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో చెప్పింది. అదే సంగతిని ఇలా అడగండి:

‘దరఖాస్తు నంబరు ఫలానా. అందిన తేదీ నుంచి ఈ రోజు వరకు అది ఏ హోదా గల అధికారి లాగిన్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో చూపే రికార్డు ప్రతి. దానిపై రాసిన నోట్లు, అభ్యంతరాల ప్రతులు. ఇదే సేవకు నా దరఖాస్తు తర్వాత అందినవాటిలో ఈ తేదీలోగా ఆమోదం పొందినవి ఎన్ని, రోజువారీ సంఖ్య మాత్రమే, పేర్లు అక్కర్లేదు.’

చివరి ప్రశ్నను చిన్నచూపు చూడకండి. వెనక వచ్చినవాళ్లు ముందు వెళ్లారా అన్నది అక్కడ తేలుతుంది. ఎవరి వ్యక్తిగత వివరమూ అడగలేదు కాబట్టి నిరాకరించడానికి సాకూ తక్కువ. కంప్యూటర్‌లో ఉన్న సమాచారం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది, కాబట్టి ‘లెక్క తీసి లేదు’ అనే జవాబు మీద అప్పీలుకు చోటుంది.

ఇదే పద్ధతి ఫిట్‌నెస్ మీదా పనిచేస్తుంది. ఒక ఆఫీసులో ఒక రోజు ఒక ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఎన్ని బండ్లకు ఫిట్‌నెస్ ఇచ్చారో సంఖ్య అడగండి. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. 120 బండ్లని జవాబొస్తే బండికి నాలుగు నిమిషాలు. అంతలో బ్రేకులు, లైట్లు, టైర్లు, స్పీడ్ గవర్నర్ చూడటం ఎంతవరకు సాధ్యమో చదివేవాళ్లకే వదిలేయొచ్చు. పరీక్షలు ప్రైవేటు ఆటోమేటెడ్ కేంద్రంలో జరిగినా, ఆ కేంద్రం నుంచి చట్టప్రకారం శాఖ తెప్పించుకోగలిగిన సమాచారాన్ని శాఖ ద్వారానే అడగొచ్చు, సెక్షన్ 2(ఎఫ్) అందుకే ఉంది.

ఇక తలుపు మూసుకునేది ఎక్కడంటే, పక్కవాడి బండి యజమాని పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడిగినచోట. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ద్వారా సెక్షన్ 8(1)(జె)ని మార్చారు. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక వ్యక్తిగత సమాచారం మినహాయింపు ఇంకా వెడల్పయింది. ప్రజాప్రయోజనం మిక్కిలిగా ఉంటే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) ఇప్పటికీ ఉంది. కానీ దాన్ని నమ్ముకుని యాక్సిడెంట్ చేసిన బండి ఓనర్ కోసం ఈ దారి పట్టకండి, పోలీసు స్టేషన్‌కే వెళ్లాలి.

తనిఖీ: ఎవరూ అడగని దారి

సమాచార హక్కులోనే ఇంకో ఎంపిక ఉంది: ప్రతులు కాకుండా ఫైలు చూపమనడం. సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తుంది. మొదటి గంట ఉచితం, ఆపై చిన్న రుసుము. ప్రతుల దారిలో ఏ పేజీ పంపాలో వాళ్లే ఎంచుకుంటారు. తనిఖీలో మీరు ఎంచుకుంటారు.

ఫైలు తెరవగానే రెండు భాగాలు కనిపిస్తాయి: వచ్చిన కాగితాలు ఒకవైపు, వాటి మీద అధికారులు రాసుకున్న నోట్ మరోవైపు. జనం వచ్చిన కాగితాలు తిరగేస్తూ గంట గడిపేస్తారు, అవి వాళ్లు ఇచ్చినవే! నోట్ భాగంతో మొదలుపెట్టండి. ప్రతి పేరా కింద పొట్టి సంతకం, దాని కింద తేదీ ఉంటుంది. ఒక సంతకానికీ పై సంతకానికీ మధ్య 26 రోజులుంటే ఆలస్యం ఆ టేబుల్ దగ్గరే. పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. 7 తర్వాత 9 వస్తే ఆ విషయం అక్కడే రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఈ-ఆఫీస్ ఫైలైతే స్క్రీన్ మీద కదలికల పేజీ చూపమనండి. కావాల్సిన పేజీల నంబర్లు రాసి ధృవీకరించిన ప్రతులు అడగండి. రెండొందల పేజీలకు రూ.400 కట్టే బదులు ఆరు పేజీలకు రూ.12తో పని అవుతుంది.

ప్రతులు ఇవ్వడం వల్ల ఆఫీసు వనరులు మితిమీరి ఖర్చవుతాయని సెక్షన్ 7(9) చూపిస్తే, అది ఇచ్చే రూపాన్ని మార్చడానికే కానీ నిరాకరించడానికి కాదు. ‘అయితే తనిఖీకి తేదీ ఇవ్వండి’ అని వెంటనే రాయండి. ఒంటి ఫైలు పనికి తనిఖీ మేలు. సంఖ్యలు, గణాంకాలు కావాలంటే ప్రతుల దారే మేలు, ఎందుకంటే లెక్కలు ఫైల్లో దొరకవు.

జవాబు రాకపోతే

30 రోజులు మౌనంగా ఉంటే నిరాకరించినట్టే. ఆ రోజు నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, ఫీజు లేదు. వాళ్లు 30 రోజుల్లో, కారణాలు రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇక్కడ సెక్షన్ 18 ఫిర్యాదు, సెక్షన్ 19 అప్పీలు వేర్వేరని గుర్తుంచుకోవాలి. సెక్షన్ 18 కింద కమిషన్ జరిమానా వేయగలదు కానీ సమాచారం ఇప్పించలేదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం కావాలంటే 19. జరిమానా రోజుకు రూ.250, గరిష్ఠంగా రూ.25,000, అధికారి జేబులోంచే.

కమిషన్ దాకా వెళ్తే నెలలు కాదు, సంవత్సరాలు పట్టొచ్చు. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. అందుకే మొదటి అప్పీలునే చివరి అప్పీలులా రాయాలి, వాదన అంతా అక్కడే పెట్టాలి. డీటీసీ (డిప్యూటీ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్) స్థాయి అధికారి ముందు ఫైలు వెళ్తుందనగానే చాలా పనులు కదిలేదీ ఈ దశలోనే.

మరి ఏది ముందు?

మామూలు ఆలస్యానికి ముందు ఫిర్యాదు. అది పరిష్కారం కాకుండానే మూసేస్తే, లేదా మూడు వారాలు దాటితే, ఆ ఫిర్యాదు మీదే సమాచార హక్కు: ‘ఫిర్యాదు నంబరు ఫలానా పరిష్కారమైందని ఏ నివేదిక ఆధారంగా మూశారో, ఆ నివేదిక, దాన్ని ఆమోదించిన నోట్ ప్రతులు.’ ఉత్తుత్తి మూసివేత మీద ఇంతకంటే పదునైన ప్రశ్న లేదు, ఎందుకంటే ఇప్పుడు ఒక సంతకం రెండుచోట్ల నిలబడాలి. రెండూ ఒకే రోజు వేస్తే మాత్రం ‘ఫిర్యాదు పరిశీలనలో ఉంది’ అని రెండింటికీ ఒకటే జవాబు వస్తుంది.

లంచం అడిగితే ఈ మూడూ వద్దు. దరఖాస్తు వేయగానే అవతలివాళ్లు జాగ్రత్త పడతారు. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ 1064కు ముందుగా చెప్పండి, డబ్బు ఇవ్వకముందే. ఫైలు సంగతి తర్వాత.