బాల్య వివాహాల లెక్క: పోలీసు రికార్డా, సర్వేనా, ఊళ్లో కూర్చుని అడగడమా?

బాల్య వివాహాల మీద సోషియాలజీ ప్రాజెక్టు రాయాలని నెట్‌లో వెతికితే రెండు రకాల అంకెలు దొరుకుతాయి. రెండూ ప్రభుత్వానివే, కానీ ఒకదానికొకటి పొసగవు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2020లో బాల్య వివాహ నిషేధ చట్టం కింద దేశం మొత్తం మీద నమోదైన కేసులు 785. అందులో 184 కేసులతో కర్ణాటక మొదటి స్థానంలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) తీసి చూడండి. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతం. పశ్చిమ బెంగాల్, బిహార్ 40 దాటాయి. కర్ణాటకలో 21.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో 29.3, తెలంగాణలో 23.5.

ఎంతమందికి జరుగుతోందన్నది ప్రశ్నయితే నా ఓటు సర్వేకే. కేసు కావాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి, పోలీసులు రాసుకోవాలి. ఊరంతా భోజనాలు చేసి వచ్చిన పెళ్లి మీద ఫిర్యాదు ఎవరిస్తారు? 2021లో కేసులు 1,050 అయ్యాయి. దాన్ని చూసి ‘బాల్య వివాహాలు మూడో వంతు పెరిగాయి’ అని రాస్తే నమ్మొద్దు. పెరిగింది కేసులు. అధికారులు గట్టిగా పనిచేసినా ఆ అంకె పెరుగుతుంది. చట్టం ఎక్కడ కదులుతోందో తెలుసుకోవడానికి మాత్రం అదే పనికొస్తుంది.

సర్వేకీ ఓ పరిమితి ఉంది. 24 ఏళ్లామె చెప్పేది ఎప్పుడో ఏడెనిమిదేళ్ల కిందటి పెళ్లి సంగతి కావచ్చు. పైగా ఆ పెళ్లి ఎందుకు చేశారో శాతం చెప్పదు.

దానికి ఊళ్లో కూర్చుని, ఓపికగా మాట్లాడాల్సిందే. “పెళ్లినాటికి నీకెన్నేళ్లమ్మా?” అంటే “18 నిండాయండీ” అనే జవాబే వస్తుంది, అత్తగారు పక్కనుంటే మరీను. అదే టెన్త్ ఎప్పుడు రాసింది, కాలేజీ ఎందుకు మానేసింది, పెద్దబాబు ఎప్పుడు పుట్టాడు అని ఒక్కో సంగతీ అడుగుతూ పోతే లెక్క 16 దగ్గర తేలొచ్చు, కారణమూ ఆ మాటల్లోనే బయటపడొచ్చు. అయితే ఇరవై ఇళ్లలో విన్నదాన్ని జిల్లా మొత్తానికి అంటగట్టకూడదు.

శాతం పక్కన ఏ వయసువాళ్లదో, ఏ సంవత్సరానిదో రాయని వెబ్‌సైట్‌ను వదిలేయండి. సర్వే ఫ్యాక్ట్ షీట్లు జిల్లాల వారీగా ఉచితంగానే దొరుకుతాయి. ఆంధ్రలో ఐదో విడతవి పాత 13 జిల్లాలవి కాబట్టి, అనకాపల్లి వాళ్లు విశాఖపట్నం కింద చూసుకోవాలి.