సాలీడు అరికాలు చూపించిన క్లిప్ లెన్స్

ఫోన్ కెమెరాకు తగిలించుకుని చిన్నవాటిని పెద్దగా చూసే ఈ మాక్రో లెన్స్ సెట్ కొని మూడు నెలలైంది. పూలకో చీమలకో కాదు, కిటికీ అద్దం మీద నిలువునా ఎక్కిపోయే జంపింగ్ స్పైడర్ (గెంతే సాలీడు) కాళ్లు దగ్గర్నుంచి చూడాలని కొన్నాను.

పెట్టెలో రెండు లెన్సులు ఉన్నాయి. ఎక్కువ పెద్దదిగా చూపించేది వస్తువుకు దాదాపు ఆనించినట్టు పెడితేనే ఫోకస్ అవుతుంది. సాలీడు అద్దానికి అవతల ఉంటే అద్దం మందమే అడ్డొచ్చి అంతా మసకగా ఉంటుంది. వారం కుస్తీపట్టి పక్కన పెట్టేశాను. తక్కువ పవర్‌ది మాత్రం ప్రాణం. దాని అంచు అద్దానికి ఆనించి పట్టుకుంటే చెయ్యి కదలదు, అవతలున్న సాలీడు అరికాళ్లు సూటిగా కనిపిస్తాయి. ప్రతి పాదం చివరా రెండు గోళ్ల కింద నల్లటి కుచ్చు, పెయింట్ బ్రష్ కొసలాగా. అడుగు వేయగానే అది అద్దానికి ఒత్తుకుని విచ్చుకుంటుంది. ఎత్తేటప్పుడు ఒక అంచు నుంచి ఒలిచినట్టు లేస్తుంది. జిగురేమైనా ఉందేమోనని చూస్తే, తడి మరక కూడా కనిపించలేదు నాకు.

లెన్స్ సత్తా అంతవరకే. కుచ్చులోని ఒక్కో వెంట్రుకకు మళ్లీ ఎంతో సన్నటి నూగు ఉంటుంది, దాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. ఎవార్కా ఆర్క్యుయాటా అనే జంపింగ్ స్పైడర్‌కు అలాంటి నూగు కొసలు సుమారు 6,24,000 ఉంటాయని 2004లో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. అవి గాజుకు ఎంత దగ్గరగా ఆనుతాయంటే, అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ ఆకర్షణే పట్టుగా మారుతుంది. అన్నీ ఒకేసారి ఆనితే ఒంటి బరువుకు 170 రెట్లు ఆపగలవట! ఆ సంగతి తెలిశాక కుచ్చును చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

సెట్‌తో వచ్చిన రింగ్ లైట్ దండగ. అద్దంలో తెల్లటి సున్నాలా పడి అసలు దృశ్యాన్నే మింగేస్తుంది. పక్కనుంచి పడే పగటి వెలుగే మేలు.

ఒకరోజు పొద్దున్నే వాష్ బేసిన్‌లో గూడు అల్లే సాలీడు ఒకటి పడి ఉంది. కాస్త పైకి పాకడం, జర్రున జారడం. లెన్స్ పెట్టి చూస్తే దాని పాదాలకు కుచ్చే లేదు, వంకర గోళ్లు మాత్రమే. దారం పట్టుకోవడానికి, గరుకు గోడ ఎక్కడానికి అవి చాలు. నున్నటి పింగాణీలో గోరు దిగడానికి చోటేదీ? సాలీళ్లన్నీ దేన్నైనా ఎక్కుతాయనే అనుకున్నాను అప్పటిదాకా. టవల్ అంచు లోపలికి వేలాడదీశాను, రెండు నిమిషాల్లో ఎక్కి వెళ్లిపోయింది.

క్లిప్ స్ప్రింగ్ అప్పుడే వదులైంది, రబ్బరు బ్యాండ్ చుట్టి వాడుతున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను. తక్కువ పవర్ లెన్స్ విడిగా దొరికితే అదొక్కటే తీసుకోండి.