పాత ఇంగ్లీషు సినిమాల డిస్కులు కొనేవాళ్ళు జాగ్రత్త: ‘పబ్లిక్ ఎనిమీ’ బ్లూ-రే అని నాకు అంటగట్టింది ఇదీ

కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈలోగా మీలో ఇంకెవరో డబ్బు కట్టేస్తారు. అదే డిస్కు ఇవాళ పొద్దున కూడా ఆయన లిస్టులో ఉంది. పేరు రాయను, పాత హాలీవుడ్ డిస్కులు పోగుచేసేవాళ్ళకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. వాట్సాప్‌లో లిస్టు పంపిస్తాడు, యూపీఐలో డబ్బు ముందే కట్టించుకుంటాడు. జేమ్స్ కాగ్నీ నటించిన 1931 నాటి గ్యాంగ్‌స్టర్ సినిమా ‘ది పబ్లిక్ ఎనిమీ’కి ఎదురుగా ‘ఇంపోర్టెడ్ బ్లూ-రే, రీస్టోర్డ్, ఫుల్ వెర్షన్’ అని రాశాడు. రీస్టోర్డ్ అంటే పాత ఫిల్ముని బాగుచేసి తీసిన కాపీ. ధర 2,800 రూపాయలు. ఒరిజినలేనా అని అడిగాను. “నా దగ్గర డూప్లికేట్ ఉండదు సార్, మీరు కళ్ళు మూసుకుని తీసుకోండి” అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది, తీసెయ్యను.

పెట్టె విప్పగానే అనుమానం వచ్చింది. నీలం రంగు కేసే గానీ లోపలి కవరు ఇంటి ప్రింటర్ మీద తీసింది. కాగ్నీ ముఖం మీద సిరా చారలు, వెనకవైపు చిన్న అక్షరాలు అలుక్కుపోయి ఒక్క ముక్క చదవడానికి లేదు. డిస్కు తిప్పి చూస్తే ఊదా రంగు. కంపెనీలో అచ్చు వేసిన డిస్కు వెనక వెండిలా మెరుస్తుంది. ఇది బజార్లో దొరికే ఖాళీ డీవీడీ-ఆర్, ఇంట్లో కంప్యూటర్‌తో ఎవరైనా రాసుకునే డిస్కు. సినిమా ఎక్కడిదాకా రాశారో అక్కడిదాకా రంగు ముదిరి వలయంలా కనిపిస్తూనే ఉంది. ప్లేయర్‌లో పెడితే తెర మీద ‘డీవీడీ’ అని పడింది. రీస్టోర్ చేసిందా లేదా అన్నది తరవాతి మాట, అది అసలు బ్లూ-రేనే కాదు.

ఇక బొమ్మ. తొలి టాకీల ఫ్రేము ఇంచుమించు చదరంగా ఉంటుంది. దాన్ని అడ్డంగా లాగి వైడ్ టీవీ నిండా పరిచేశారు. చురుగ్గా, పిడికిలి బిగించినట్టుండే కాగ్నీ ఇందులో బొద్దుగా తేలాడు. కుడివైపు కింది మూల ఒక మసక మచ్చ సినిమా అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. టీవీ ఛానల్ లోగోని చెరిపిన గుర్తు అది. ఎక్కడో టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్న కాపీ అన్నమాట. పాల్ (PAL) అనే పాత టీవీ ప్రసార పద్ధతిలో సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములుగా నడిపేవారు. దానివల్ల నిడివి నాలుగు శాతం తగ్గుతుంది, గొంతులు సన్నబడతాయి. కాగ్నీ అసలే గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మనిషి, ఇందులో సగం మాటలు అందలేదు. 83 నిమిషాల పైచిలుకు ఉండాల్సిన సినిమా 77 నిమిషాలకే అయిపోయింది. ఆ నాలుగు శాతం పోయినా దాదాపు 80 ఉండాలి, మిగతాది ఎక్కడ పోయిందో కింద చెప్తాను.

ఈ సినిమాకి శబ్దం పోతే ఏం మిగులుతుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దర్శకుడు విలియం వెల్మన్ ముఖ్యమైన చోట్ల హత్యని మన కంటికి చూపించడు, వినిపిస్తాడు. ఇందులో కాగ్నీ పాత్ర టామ్, అతని ప్రాణస్నేహితుడు మాట్. చిన్నప్పుడు తమ ఇద్దరినీ దొంగతనాల్లోకి దింపిన పుట్టీ నోస్‌ని టామ్ చంపే చోట ముసలాడు పియానో ముందు కూర్చుని పాత పాట పాడుతూ బతిమాలుకుంటాడు. కెమెరా మెల్లగా పక్కకి, గుమ్మం దగ్గర నిలబడ్డ మాట్ వైపు జరుగుతుంది. తుపాకీ పేలుతుంది, పియానో మెట్ల మీద మనిషి వాలిన అపస్వరం వినిపిస్తుంది. మనం చూసేది స్నేహితుడి ముఖం ఒక్కటే. నా డిస్కులో బుస్సుమనే హోరు తప్ప ఆ అపస్వరం లేదు. హోరు తగ్గించడానికి ఎవరో చేసిన ప్రయత్నంలో అది కూడా కొట్టుకుపోయినట్టుంది.

వాన సీను ఇంకా ఘోరం. ప్రాణస్నేహితుణ్ణి చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి టామ్ ఒంటరిగా, రెండు తుపాకులతో, జోరువానలో నడిచి వెళ్తాడు. కెమెరా వీధిలోనే ఆగిపోతుంది. లోపల కాల్పులు, ఒక కేక, అంతే. తరవాత అతను తూలుతూ బయటికొచ్చి కాలవగట్టు దగ్గర కూలబడతాడు. మొత్తం నలుపులో నలుపు, వీధి దీపం వెలుగులో మెరిసే నీళ్ళు. ఈ కాపీలో ఆ వాన చిన్న చిన్న గడులుగా విడిపోయి కదిలింది. కాగ్నీ ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు చతురస్రాలు. తొంభై ఏళ్ళ తరవాత కూడా మనిషిని కుర్చీలోంచి కదలనివ్వని సీనుకి పట్టిన గతి అది!

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోన్లో ఆయన అన్న మాటలు ఒక ఎత్తు. మర్యాదగానే మొదలుపెట్టాను. “సార్, అది ఎప్పటి సినిమా? అప్పట్లో బొమ్మలు అలాగే ఉండేవి” అన్నాడు. మూలనున్న మచ్చ గురించి అడిగితే, “మీ టీవీ సెట్టింగ్స్ చూసుకోండి” అన్నాడు. డీవీడీ-ఆర్ మాట ఎత్తేసరికి గొంతు మారిపోయింది. “బొమ్మ పడుతోందా లేదా? పడుతోంది కదా, ఇంకేం కావాలి మీకు? ఈ రోజుల్లో ఇవి ఎవడు చూస్తున్నాడండీ? నేను కాబట్టి తెప్పించి ఇస్తున్నా.” డబ్బు వెనక్కివ్వమన్నాను. “సీలు తీశాక వాపసు లేదు” అని పెట్టేశాడు. దానికి సీలే లేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు, సాయంత్రానికి వాట్సాప్‌లో బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినదానికంటే ఆ “ఎవడు చూస్తున్నాడు” అన్న మాట ఎక్కువ మండించింది. చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆయన వ్యాపారం నడుస్తోంది. మన ఇష్టాన్ని అడ్డం పెట్టుకుని సంపాదిస్తూ ఆ ఇష్టాన్నే తీసిపారేశాడు. పాతది కాబట్టి ఇలాగే ఉంటుందన్నది పచ్చి అబద్ధం. కొత్తగా ఈ సినిమాల్లోకి వచ్చిన పిల్లలు దాన్ని నమ్మితే ఇక వాటి జోలికే పోరు.

అసలు సంగతి ఏమిటంటే, అమెరికాలో సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే ప్రొడక్షన్ కోడ్‌ని 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. 1941లో ఈ సినిమాని మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ కోడ్ కోసం మూడు సీన్లు కోసేశారు: దర్జీ టామ్‌కి సూటు కొలతలు తీసుకునేది, మాట్ తన ప్రియురాలితో పక్క మీద ఉండేది, దాక్కోడానికి వెళ్ళిన ఇంట్లో ఒకామె టామ్‌ని లొంగదీసుకునేది. సినిమా తీసిన వార్నర్ కంపెనీ వాళ్ళు 2005 డీవీడీలో ఆ మూడూ తిరిగి చేర్చారు. తరవాత బ్లూ-రే కూడా వచ్చింది. నాకొచ్చినదాంట్లో దర్జీ సీను లేదు, మిగతా రెండూ లేవు. ‘ఫుల్ వెర్షన్’ అట!

బాగుచేసిన కాపీలో కూడా అక్కడక్కడా గీతలుంటాయి, ఫిల్ము రవ్వ (బొమ్మ నిండా ఉండే సన్నటి చుక్కలు) కదులుతుంటుంది, పాత మైకుల సన్నటి హోరు ఉంటుంది. అవి ఉండాలి కూడా. అందులో టామ్ ప్రియురాలిగా వేసిన మే క్లార్క్ ముఖానికి కాగ్నీ సగం కోసిన గ్రేప్‌ఫ్రూట్ అదిమినప్పుడు ఆవిడ కళ్ళలో బిత్తరపాటు కనిపిస్తుంది. మాట్ పడిపోయాక టామ్ గోడ మూల వెనక్కి తప్పుకునే షాటులో మెషిన్ గన్ దెబ్బలకి గోడ పెచ్చులు లేవడం కనిపిస్తుంది. ఆ షాటుకి నిజం తూటాలే కాల్చారు, కాగ్నీ అంత దగ్గర్లో ఉండగా. ఇదంతా అలికేసిన కాపీని రీస్టోర్డ్ అని అమ్మడానికి మనసెలా వచ్చిందో.

కొనేవాళ్ళకి రెండు మాటలు. డబ్బు కట్టకముందే డిస్కు వెనకవైపు ఫొటో అడగండి, పంపనంటే వదిలేయండి. నిడివి ఎంతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అనడానికి అమ్మినవాడికి హక్కు లేదు. “వాపసు లేదు” అంటే నోరు మూసుకుని ఊరుకోకండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి.

నేను చేశాను. వాయిస్ మెసేజ్, డిస్కు ఫొటోలు, యూపీఐ రసీదు అన్నీ జతచేశాను. ఇదే లిస్టులోంచి ఆ కాలపు గ్యాంగ్‌స్టర్ సినిమాలే అయిన ‘లిటిల్ సీజర్’ గానీ 1932 ‘స్కార్‌ఫేస్’ గానీ తీసుకున్నవాళ్ళుంటే ఇప్పుడే కేసు తెరిచి డిస్కు తిప్పి చూడండి. ఊదా రంగు ఉంటే ఫొటో తీసి నాకు పంపండి. అందరివీ కలిపి ఒకే ఫిర్యాదుగా పెడదాం.