బియ్యం డబ్బాలోకి వేపాకా, వసకొమ్మా, ఆముదమా?

కొత్త బియ్యం మూట విప్పగానే మా ఇంట్లో గుప్పెడు వేపాకు వెయ్యడం అలవాటు. అమ్మ వేసేది, నేనూ వేస్తున్నాను. అయినా కిందటి వానాకాలం డబ్బా నిండా ముక్కుపురుగులే. తప్పు వేపాకుది కాదు, నాది. సరిగ్గా ఆరకుండానే వేసేశాను. ఆ తడికి బియ్యం ముక్కవాసన కొట్టింది, పురుగుకేమో పండగ. ఆకుని నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టాలి.

ఆరబెట్టి వేసినా వేపాకుకి ఒక హద్దుంది. వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుని అక్కడికక్కడ చంపదు. దానికి తిండి సయించకుండా చేస్తుంది, ఎదుగుదలని చెడగొడుతుంది. అది కూడా ఆకులో కన్నా వేపగింజలో ఎక్కువ. పైగా ముక్కుపురుగు బియ్యపు గింజని తొలిచి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల ఆ గింజలోనే పెరుగుతుంది. పైన పరిచిన ఆకు దాన్నేం చెయ్యగలదు? అందుకే వేపాకు పురుగు పట్టకముందు వేసుకోవాల్సింది. పట్టేశాక, కొద్దిపాటి బియ్యమైతే ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచడమే నయం. గుడ్లతో సహా చస్తాయి.

వసకొమ్ము ఘాటు వేప కన్నా ఎక్కువే. కానీ నేను దాన్ని వంటింట్లోకి రానివ్వను. వాసన అన్నానికి పడుతుందన్నది చిన్న ఇబ్బంది. వసలోని బీటా అసరోన్ అనే పదార్థం వల్ల ఎలుకల్లో కణితులు వచ్చాయని తేలాక, అమెరికాలో 1968లో వసని తిండి పదార్థాల్లో కలపకూడదన్నారు. పట్టుచీరల బీరువాలో గుడ్డలో మూటకట్టి పెట్టుకుంటే చాలు.

పెసలు, కందులు, శనగలకైతే నా ఓటు ఆముదానికే. పుచ్చుపురుగు గుడ్డుని గింజ లోపల కాదు, పైన అంటిస్తుంది. కిలోకి చిన్న చెంచాడు ఆముదం వేసి చేత్తో బాగా కలిపితే గింజంతా పల్చగా నూనె పొర పడుతుంది. దాంతో గుడ్డుకి ఊపిరాడదు. వండేముందు కాస్త గట్టిగా కడుక్కోవాలి, అంతే. బియ్యానికి మాత్రం ఈ పద్ధతి వద్దు. గుడ్డు లోపల ఉంటే పైన నూనె రాసి ఏం లాభం?

ఇక దోమలు. వావిలాకు పొగా, కాయిలా అని అడిగితే, పురుగుని పడగొట్టడంలో కాయిలే గట్టిది. తమాషా ఏంటంటే దాని మూలం కూడా మొక్కే. చామంతి జాతి పువ్వులో దొరికే పైరెత్రిన్లు పురుగు నరాల మీద పనిచేస్తాయి, కానీ వెలుతురుకి త్వరగా విరిగిపోతాయి. వాటిని చూసి ఫ్యాక్టరీలో తయారుచేసినవే ఇప్పుడు కాయిళ్లలో వాడే మందులు. వావిలి పొగ దోమని తరుముతుందే గానీ, అది ఆరిపోగానే దోమ మళ్లీ హాజరు. మూసిన గదిలో ఊపిరితిత్తులకి వావిలి పొగైనా, కాయిలు పొగైనా ఒకటే. మా నాన్నగారికి ఆయాసం. ఆయన గదిలో రెండూ మానేసి దోమతెర కట్టాం.